లాండ్రీ, అసెంబ్లీ, గిడ్డంగి కార్మికుల పని అనుభవానికి ధ్రువీకరణ

ఆసుపత్రులు, వసతిగృహాల లాండ్రీలలోను, ఎలక్ట్రానిక్ పరికరాల అసెంబ్లీ లైన్లలోను, గిడ్డంగులలోను పనిచేసేవారిలో అనేకులు కాంట్రాక్టరు ద్వారా నియమితులైనవారే. ఏళ్ల తరబడి పనిచేసి మానుకున్న తరువాత కూడా, తాము చేసిన పని ఏమిటో తెలిపే కాగితం వారి వద్ద ఉండదు. ఉన్నా అందులో సాధారణంగా కనిపించే మాట ఒక్కటే: 'హెల్పర్'.

ఆ మాట చేసిన పనికి సరిపోదు. ఆసుపత్రి లాండ్రీనే తీసుకుంటే, రక్తం అంటిన దుప్పటిని నేరుగా వేడినీటిలో వేయరాదు. మరక గుడ్డకు పట్టుకుపోతుంది. ముందు చన్నీటిలో జాడించాలి. రోగకారక క్రిములున్న బట్టలను వేరుచేసి, విడి సంచులలో తరలించాలి. వేడినీటి ఉతుకులో కనీసం 71 డిగ్రీల సెల్సియస్ వేడి 25 నిమిషాలపాటు నిలవాలన్నది విస్తృతంగా పాటించే ప్రమాణం. శుభ్రమైన బట్టలు, మురికి బట్టలు ఒకే దారిన పోకూడదు. ఇవన్నీ తెలిసిన వ్యక్తిని నైపుణ్యం లేని కార్మికునిగా నమోదు చేయడం వాస్తవ విరుద్ధం. స్థిర విద్యుత్తు వలన సర్క్యూట్ బోర్డు చెడకుండా మణికట్టుకు ఎర్తింగ్ పట్టీ ధరించి పనిచేసే అసెంబ్లీ కార్మికురాలికి, గడువు ముందుగా తీరే మందులను ముందుగా బయటకు పంపే గిడ్డంగి ఉద్యోగికి కూడా ఇది వర్తిస్తుంది.

జాతీయ వృత్తుల వర్గీకరణ–2015 ఈ తేడాను గుర్తించింది. అందులో లాండ్రీ యంత్రాల ఆపరేటర్లు 8157, ఎలక్ట్రానిక్ పరికరాల అసెంబ్లర్లు 8212, సరుకు నిల్వల గుమాస్తాలు 4321 సమూహాలలో ఉన్నారు. 9తో మొదలయ్యే సమూహాలు ప్రాథమిక స్థాయి పనులవి. కాగితంపై పడిన ఒక్క పదం కార్మికుని ఏ వరుసలో నిలబెడుతుందో, తదుపరి ఉద్యోగంలో ఏ వేతనం అడగగలడో దీనిని బట్టి గ్రహించవచ్చు.

2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన వృత్తిపర భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్–2020లోని 56వ సెక్షను ప్రకారం, కాంట్రాక్టు కార్మికుడు కోరినపుడు, చేసిన పని వివరాలతో కూడిన అనుభవ ధ్రువపత్రాన్ని కాంట్రాక్టరు ఇవ్వాలి. 'కోరినపుడు' అన్నది ఇక్కడ కీలకం. అడగవచ్చునని తెలియనివారికి ఈ నిబంధన అందదు. టెండరు ముగిసి కాంట్రాక్టరు మారినా కార్మికులు అదే యంత్రం వద్ద కొనసాగుతుంటారు. పాత కాంట్రాక్టరు వెళ్లిపోకమునుపే పత్రం తీసుకోకపోతే ఆ కాలం లెక్కలోకి రావడం కష్టం. భవిష్యనిధి పాస్‌బుక్కు ఏ నెలలలో, ఏ యజమాని చందా చెల్లించారో చూపుతుందే తప్ప, చేసిన పనిని చూపదు.

ఇందులో ఒక పరిమితి ఉంది. కోడ్‌లోని కాంట్రాక్టు కార్మికుల నిబంధనలు 50 మంది, అంతకు మించి కాంట్రాక్టు కార్మికులున్న చోట్లకే వర్తిస్తాయి. 1970 నాటి కేంద్ర చట్టంలో ఈ సంఖ్య 20. ముప్పై మందితో నడిచే ఆసుపత్రి లాండ్రీ ఈ విధంగా పరిధి వెలుపల ఉండిపోవచ్చు. అయితే, పని పేరు, వాడిన యంత్రం, పనిచేసిన కాలం తెలిపే ధ్రువపత్రం ఇవ్వాలన్న షరతును టెండరు పత్రంలోనే చేర్చడానికి ఈ పరిమితి అడ్డు కాదు. పని అప్పగించే సంస్థ అధికారులు చివరి బిల్లు చెల్లింపునకు ముందు ఆ పత్రాల నకళ్లను కోరవచ్చు.