డైరీలో ఒక మంచి మాట

మీ పిల్లవాడి స్కూల్ డైరీ ఒకసారి తిరగేయండి. హోంవర్క్ చేయలేదు, క్లాసులో మాట్లాడుతున్నాడు, రేపు తల్లిదండ్రులు వచ్చి కలవాలి... ఎర్ర సిరాతో అన్నీ ఫిర్యాదులే. ఏడాది పొడుగునా వాడు ఒక్క మంచి పనీ చేయకుండా ఉండడు కదా! చేసినప్పుడు రాసే అలవాటు మనకు లేదు, అంతే.

తప్పునే చూసే అలవాటు పాతదే. వీధిబడుల్లో శిక్షగా కోదండం వేసేవారు, తొడపాశం పెట్టేవారు. గోడకుర్చీ, గుంజీలు మన తరం దాకా వచ్చాయి. విద్యాహక్కు చట్టం (2009) 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. అది ఎంతో అవసరమైన చట్టం. కానీ బెత్తం పక్కన పెట్టాక తరగతిని ఎలా నడపాలో మనమే నేర్చుకోవాలి.

1968లో మాడ్సెన్, బెకర్, థామస్ అనే అమెరికన్ పరిశోధకులు ప్రాథమిక పాఠశాల తరగతుల్లో ఈ సంగతే పరీక్షించి చూశారు. ఉత్త నియమాలు చెబితే పెద్దగా ఫలితం కనబడలేదు. చిన్నచిన్న అల్లరిని చూసీచూడనట్టు వదిలేసి, బుద్ధిగా పని చేసుకుంటున్నప్పుడు మెచ్చుకోవడం మొదలుపెట్టాక అల్లరి బాగా తగ్గింది. పిల్లలకు పెద్దల చూపు కావాలి. గోల చేస్తే తప్ప టీచరు తనవైపు తిరగరని తెలిస్తే వాడు గోలే చేస్తాడు. అయితే పక్కవాణ్ణి కొట్టడం, ఏడిపించడం లాంటివి చూస్తూ ఊరుకునేవి కావు. వాటిని అక్కడికక్కడే ఆపాలి.

మెచ్చుకోవడంలోనూ తేడా ఉంది. మూడో తరగతిలో ఒక పాప తన పెన్సిల్‌ని రెండు ముక్కలు చేసి, ఒకటి చెక్కి, పెన్సిల్ తెచ్చుకోని పక్క పిల్లకు ఇచ్చింది. "వెరీ గుడ్" అని టీచరు ముందుకు సాగిపోవచ్చు. కానీ ఆమె ఆగి, "పక్కమ్మాయి డిక్టేషన్ రాయలేకపోతుందని నీ పెన్సిల్ విరిచి ఇచ్చావు కదమ్మా, ఇప్పుడు ఇద్దరూ రాస్తున్నారు" అంది. ఆ పాపకు తను చేసిందేమిటో, దానివల్ల ఏం జరిగిందో అర్థమైంది. అలా అర్థమైన పనినే పిల్లలు మళ్లీ చేస్తారు.

"నువ్వు చాలా తెలివైనవాడివి" అనే మాట కూడా కొంచెం ఆలోచించి వాడాలి. తెలివికి పొగడ్త అందుకున్న పిల్లలు తర్వాత కష్టమైన ప్రశ్నలు తప్పగానే డీలాపడ్డారనీ, ప్రయత్నానికి మెప్పు పొందిన పిల్లలు పట్టు వదల్లేదనీ 1998లో ముల్లర్, డ్వెక్ అధ్యయనం చూపించింది.

ఇంట్లో మనం ఎక్కువగా చేసే పొరపాటు బేరం. "అన్నం తింటే ఫోన్ ఇస్తా, హోంవర్క్ చేస్తే చాక్లెట్." 1973లో లెపర్, గ్రీన్, నిస్బెట్ బొమ్మలు వేయడమంటే ఇష్టమున్న చిన్నపిల్లల్ని గమనించారు. బొమ్మ వేస్తే బహుమతి ఇస్తామని ముందే చెప్పిన పిల్లలు, ఆ తర్వాత ఖాళీ సమయంలో మిగతావాళ్లకంటే తక్కువసేపు బొమ్మలు వేశారు. ఇష్టంగా చేసే పనికి బేరం పెడితే ఆ ఇష్టమే తగ్గింది. బడి నుంచి రాగానే టిఫిన్ బాక్సు తీసి సింకులో వేసిన కొడుక్కి చాక్లెట్ అక్కర్లేదు. "చెప్పకుండానే తీసి పెట్టావే నాన్నా, నాకు వెతుక్కునే పని తప్పింది" అంటే చాలు.

టీచర్లకు ఒక విన్నపం. 42 మంది ఉన్న తరగతిలో రోజుకు ఏడు డైరీల్లో ఒక్కో మంచి వాక్యం రాస్తే, సోమవారం మొదలుపెట్టిన పని శనివారానికి పూర్తవుతుంది. అమ్మానాన్నలూ, ఆ రాత్రి అన్నాల దగ్గర ఆ వాక్యాన్ని పిల్లవాడు వినేలా పైకి చదవండి.