సలేశ్వరం: ఎక్కొచ్చే దారి

పాలమూరు ఎండలు ముదిరే వేళకే సలేశ్వరం లింగమయ్య జాతర వస్తుంది. చైత్ర పౌర్ణమికి అటూ ఇటూగా మొత్తం మూడు రోజులు. హైదరాబాద్–శ్రీశైలం రోడ్డు మీద మన్ననూరు చెక్‌పోస్టు దాటి, ఫర్హాబాద్ గేటు దగ్గర అడవిలోకి మళ్లాలి. గుంతల మట్టిదారిలో ఒళ్లు హూనమయ్యాక రాంపూర్ చెంచుపెంట వస్తుంది. అక్కణ్నుంచి కాలినడకే, సుమారు 5 కిలోమీటర్లు. గుట్ట అంచు దాకా నడిచి, రాళ్లు పట్టుకుంటూ లోయలోకి దిగితే జలపాతం, దాని పక్క గుహలో లింగం. పూజారులు చెంచులే.

5 కిలోమీటర్లేనా అని పార్కుల్లో పరుగెత్తేవాళ్లు నవ్వొచ్చు. 2023 ఏప్రిల్ జాతరలో ఈ దారిలోనే ముగ్గురు చనిపోయారు. ఊపిరాడక, గుండె ఆగి. అంతకుముందు ఇంకా ఎక్కువ రోజులు సాగిన జాతరను అటవీశాఖ మూడు రోజులకు కుదించింది. వచ్చే జనం మాత్రం తగ్గలేదు. దిగేవాళ్లూ ఎక్కేవాళ్లూ ఒకే ఇరుకు దారిలో ఎదురుపడ్డారు. పక్కకు తప్పుకుందామంటే ఒకవైపు బండ, ఇంకోవైపు లోయ.

కొండ ఎక్కే యాత్రలో అలసట ముందే తెలుస్తుంది. ఆయాసం వచ్చినవాడు సగంలో కూర్చుంటాడు, లేదంటే వెనక్కి దిగిపోతాడు. లోయ యాత్ర తిరకాసు. ఎవరైనా దిగగలరు. దిగాక, చల్లటి నీళ్ల కింద తల తడుపుకున్నాక, పొద్దు నడినెత్తికి వచ్చాక అసలు పరీక్ష మొదలవుతుంది. అప్పుడు ‘నావల్ల కాదు’ అనడానికి లేదు. అమెరికాలో గ్రాండ్ క్యాన్యన్ రేంజర్లు ఇందుకే ఒకే రోజులో నది దాకా దిగి తిరిగి ఎక్కే సాహసం చేయొద్దని చెబుతూనే ఉంటారు.

దిగడం తేలికనుకోవడమే మొదటి పొరపాటు. దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే ఒంటి బరువును ఆపాలి. అడుగడుక్కీ బ్రేకు వేసినట్టే. కండరం లోపల సన్నగా చిరుగులు పడేది అప్పుడే. లోయ అడుగుకు చేరేసరికి మోకాళ్లు వణుకుతుంటాయి. ఆ వణికే కాళ్లతో జలపాతం దగ్గరి పాచి పట్టిన బండల మీద అడుగేస్తే చీలమండ మడత పడటానికి ఎంతసేపు? మొక్కని చెప్పులు లేకుండా నడిచేవాళ్ల పాదాల మాట చెప్పక్కర్లేదు. నొప్పికి జేబులో తెచ్చుకున్న బిళ్ల వేసుకోవడం ఇంకో అలవాటు. ఒంట్లో నీళ్లు ఇంకిపోయిన సమయంలో ఐబుప్రొఫెన్ లాంటివి మింగితే దెబ్బ మూత్రపిండాల మీద పడుతుంది. వందల కిలోమీటర్లు పరుగెత్తే అల్ట్రా రన్నర్లకు డాక్టర్లు చేసే హెచ్చరిక కూడా ఇదే.

నీళ్లు తాగమని అందరూ చెబుతారు. ఉప్పు సంగతి ఎవరూ చెప్పరు. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రన్నర్ల రక్తం పరీక్షిస్తే, 13 శాతం మందిలో సోడియం ఉండాల్సినదానికన్నా తక్కువుంది. చెమట మాటున ఉప్పు పోతుంటే ఉత్త నీళ్లు కడుపునిండా తాగినా తల తిరుగుతుంది, వాంతులొస్తాయి. చూసినవాళ్లు ఎండదెబ్బ అనుకుని ఇంకో సీసా నీళ్లు పట్టిస్తారు. మజ్జిగలో ఉప్పేసుకుని వచ్చే పెద్దమనుషులు ఈ చదువులేవీ చదవకుండానే సరైన పని చేస్తున్నారు.

ఎండదెబ్బది వేరే లక్షణం. ఒంటి లోపలి వేడి 40 డిగ్రీలు దాటి, మనిషి మాట తడబడి, ఎక్కడున్నాడో తెలియని స్థితి. దానికి మందు చలవ చేయడం, అదీ ఆ క్షణానే. ముందు నీళ్లతో తడిపి, విసిరి, వేడి దింపాలి. మోసుకుపోవడం ఆ తర్వాత. మనవాళ్లు కంగారులో తిరగేసి చేస్తారు. నలుగురు పట్టుకుని గంటసేపు ఎండలో గుట్ట ఎక్కిస్తారు. లోయ కింద నీటిధార ఉంది, దాన్ని మించిన ఆసుపత్రి ఆ పూటకు లేదు.

కావాలని కష్టాన్ని వెతుక్కునే పరుగులు ప్రపంచంలో లేకపోలేదు. టెన్నెసీ అడవుల్లో 1986 నుంచి సాగుతున్న బార్క్‌లీ మారథాన్స్ అందులో పేరుమోసింది. ముళ్లకంపలు, గుర్తుల్లేని దారి, ఐదు చుట్లు, 60 గంటల గడువు. 2024లో జాస్మిన్ ప్యారిస్ 59 గంటల 58 నిమిషాల 21 సెకన్లలో ముగించి, ఆ పని చేసిన మొదటి మహిళ అయింది. అక్కడ ఏడాదికి పరుగెత్తేది 40 మందికి అటూ ఇటూ. ఒక్కొక్కరినీ ఏరి పిలుస్తారు, ఎవరు ఎప్పుడు తిరిగొచ్చారో లెక్క ఉంటుంది. సలేశ్వరంలో నడిచేవాళ్లలో జన్మలో గుట్ట ఎక్కనివాళ్లుంటారు, షుగరున్నవాళ్లుంటారు, చంకలో బిడ్డతో తల్లులుంటారు. లెక్క మాత్రం ఉండదు.

ఏరి పిలిచినంత మాత్రాన ప్రమాదం తప్పుతుందనీ లేదు. 2021 మే 22న చైనాలోని గాన్సు రాష్ట్రంలో 100 కిలోమీటర్ల కొండ పరుగుకు 172 మంది దిగారు. మధ్యలో వడగండ్లు, చలిగాలి. పొట్టి లాగుల్లో ఉన్న 21 మంది చలికి కొయ్యబారి చనిపోయారు. వాళ్లలో దేశం మెచ్చిన రన్నర్లు ఉన్నారు. ఆ రోజు ఆరుగురిని బతికించింది ఒక గొర్రెల కాపరి. ఏ గుహలో తలదాచుకోవచ్చో అతనికి తెలుసు. నిర్వాహకులకు తెలియలేదు.

మన కొండకు అలాంటి ఎరుక ఉన్నవాళ్లు చెంచులు. 1940 ప్రాంతంలో అమ్రాబాద్ గుట్టల్లో వాళ్లతో తిరిగిన మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్ రాసిన పుస్తకం ఇప్పటికీ ఆ జీవితానికి మొదటి ఆధారం. కొండ అంచు నుంచి తాడు మీద వేలాడుతూ పెద్దతేనె తీసే మనుషులు వాళ్లు. పైన తాడు దగ్గర కాపలా ఉండేది బామ్మర్ది. అక్క తాళి గుర్తున్నవాడు తాడు వదలడని ఆ ఏర్పాటు! ఏ బండ జారుతుందో, ఏ తేనెపట్టు కింద ఊదుబత్తి వెలిగించకూడదో వాళ్లకు తెలుసు. జాతరలో వాళ్లను గుహ దగ్గర పూజకే పరిమితం చేయడం దండగ. దిగే దారి మలుపు మలుపుకూ ఇద్దరేసి చెంచు యువకులను కూలి ఇచ్చి నిలబెట్టాలి. ‘ఆగు’ అంటే పోలీసైనా ఆగేంత అధికారం వాళ్లకివ్వాలి.

వేళ గొడవ ఇంకొకటి. ఈ అడవి 2,611 చదరపు కిలోమీటర్ల పులుల అభయారణ్యం. శ్రీశైలం రోడ్డు మీద అడవి దారిని మామూలుగా రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూస్తారు. పులికి అది న్యాయం. కానీ ఆరింటికి మన్ననూరులో కదిలిన బండి రాంపూర్ చేరి, మనుషులు నడిచి, దిగి, దర్శనం వరుసలో నిలబడి, తిరిగి ఎక్కడం మొదలుపెట్టేది ఎప్పుడు? సరిగ్గా మిట్టమధ్యాహ్నం. దీనికి విరుగుడు కష్టమేమీ కాదు. పరుగు పందేల్లో ప్రతి మజిలీకీ గడువుంటుంది, అది దాటినవాణ్ని ముందుకు పోనివ్వరు. అలాగే పది దాటితే కిందికి ఎవర్నీ దించకుండా లోయ అంచున తాడు కట్టొచ్చు. అప్పటికే దిగినవాళ్లను నీళ్ల పక్కన నీడలో కూర్చోబెట్టి, ఎండ వాలాక, నాలుగింటికి పైకి వదలొచ్చు.