పిల్లాపాపలతో కృష్ణపై పడవ షికారు
రేవులో కాలు పెట్టే ముందు చూడవలసిన సంగతులు

విజయవాడ: వరి కంకులు పాలుపోసుకుని తలవంచే రోజులివి. కోతలకు ఇంకా రెండు మూడు వారాల గడువు వుంది. రైతు కుటుంబాలకు ఏడాదిలో చిక్కే కాస్త తీరిక ఇదే. సరిగ్గా ఈ తీరికలోనే కార్తీకమాసం వస్తుంది. ఆదివారమైతే చాలు, అవనిగడ్డ, గుడివాడ, నూజివీడు, మైలవరం ప్రాంతాల నుంచి జనం క్యారేజీలు సర్దుకుని బెజవాడ బస్సెక్కుతారు. తెల్లవారకముందే కృష్ణ స్నానం, కొండమీద అమ్మవారి దర్శనం, ఉసిరిచెట్టు నీడన భోజనం, పొద్దు వాలే లోగా పిల్లల కోరిక మీద ఒకసారి పడవ షికారు. చాలా కుటుంబాల కార్యక్రమం ఇదే.

ఇందులో మొదటి మూడింటికి ఎవరికీ ఎవరూ చెప్పనక్కరలేదు. చిక్కంతా నాలుగో దానితోనే.

కృష్ణాడెల్టా వాళ్లకు పడవ కొత్తదేమీ కాదు. నిజం చెప్పాలంటే ఈ ప్రాంతంలో బస్సుకంటె పడవే ముందు వచ్చింది. 1852లో మొదలుపెట్టి 1855 నాటికి బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట కట్టారు. కాటన్ దొర పట్టుదల, కెప్టెన్ ఆర్ పర్యవేక్షణ. ఆ ఆనకట్ట నుంచి తీసిన కాలువలు పొలాలకు నీళ్లివ్వడమే కాదు, పడవలకు దారులు కూడా అయ్యాయి. బందరు కాలువలో బందరుకు, ఏలూరు కాలువలో ఏలూరుకు, అక్కడినుంచి గోదావరి కాలువల్లోకి, అవతలి గట్టున కొమ్మమూరు కాలువ పట్టుకుంటే బకింగ్‌హాం కాలువ మీదుగా మద్రాసు దాకా పడవలు నడిచేవి. గాలి వాటంగా వుంటే తెరచాప, లేకపోతే గెడ, అదీ కాకుంటే గట్టుమీద మనుషులు తాడు భుజాన వేసుకుని లాగడం. కాలువ మట్టం మారే చోట లాకులు కట్టారు. బెజవాడలో లాకుల పేరుతో నేటికీ పిలిచే చోట్లున్నాయి. లాకులో పడవ ఆగితే ప్రయాణికులు దిగి అన్నం వండుకున్న రోజులను పెద్దవాళ్లు కథలుగా చెప్పేవారు. లారీలు వచ్చాక కాలువ పడవ కనుమరుగైంది. 2008లో కాకినాడ - పుదుచ్చేరి మార్గాన్ని నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. 2017 అక్టోబరు 3న ముక్త్యాల - విజయవాడ భాగానికి శంకుస్థాపన కూడా జరిగింది. అయినా పాత పడవల సందడి మాత్రం మళ్లీ కనబడలేదు.

కాబట్టి నేటి పల్లె కుర్రవాడికి పడవంటే సినిమాలో చూసిందే. దివిసీమ లంకల వాళ్ల సంగతి వేరు. ఎదురుమొండి వాళ్లకు పంటు మీద ఏరు దాటడం తరాల అలవాటు. మిగతా వాళ్లకు నీటిమీద కాలు పెట్టడం పండుగ లాంటిది. పండుగ హడావిడిలో జాగ్రత్త తగ్గుతుంది. వచ్చిన చిక్కు అదే.

దారి ఎలా?

బస్సు దిగగానే ఎదురుగా నది కనబడుతుంది గదా అని పిల్లలను అటు నడిపించేవాళ్లున్నారు. ఆ పక్కనున్న పద్మావతి ఘాట్ బ్యారేజీకి దిగువన వున్నది. స్నానానికే తప్ప షికారు పడవలకు అది చోటు కాదు. పడవలు తిరిగేది బ్యారేజీకి ఎగువన, నీరు నిలిచి వుండే చోట. బస్టాండు నుంచి ఇబ్రహీంపట్నం వైపు పోయే సిటీ బస్సెక్కి, కొండ దాటి భవానీపురంలో దిగితే పున్నమి ఘాట్, దాని పక్కనే పర్యాటక శాఖ వారి బెరం పార్కు వస్తాయి. ఆటోలో వచ్చేవాళ్లు 2020 అక్టోబరులో తెరిచిన కనకదుర్గ ఫ్లైఓవర్ మీదుగా వస్తే కొండ కింది రద్దీ తప్పుతుంది. బేరం మాత్రం ఎక్కకముందే తేల్చుకోవాలి. కార్తీక సోమవారాల్లోనూ, పౌర్ణమి నాడూ ట్రాఫిక్ మళ్లిస్తారు. ఆ రోజుల్లో ముసలివాళ్లను వెంటబెట్టుకుని వచ్చేవాళ్లు నడకకు సిద్ధపడి రావాలి.

రేవు నుంచి పడవ చేరే చోటు భవానీ ద్వీపం. 133 ఎకరాల లంక. నది మధ్యలో చెట్ల నీడ, పిల్లలు పరుగెత్తడానికి జాగా. వనభోజనాలకు ఇంతకంటె అనువైన చోటు నగరానికి దగ్గరలో లేదు. అయితే ఆ లంక నది దయమీద ఆధారపడి వుంది. 2024 సెప్టెంబరు మొదట్లో వచ్చిన వరద ఎంతటిదో మన జిల్లా వాళ్లకు చెప్పనక్కరలేదు. ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు దిగువకు పోయాయి. 1957లో బ్యారేజీ మొదలైన నాటినుంచి అంత ప్రవాహం ఎన్నడూ లేదు. ద్వీపం మునిగి బాగా దెబ్బతిన్నది. ఎగువన కట్టివుంచిన పెద్ద పడవలు తాళ్లు తెంచుకుని వచ్చి గేట్లను ఢీకొన్నాయి. వాటిని అక్కడినుంచి తప్పించడానికి ఇంజనీర్లు, గజఈతగాళ్లు రోజుల తరబడి కష్టపడ్డారు. మనుషులు లేని ఖాళీ పడవకే నీరు అంత బలమిస్తే, మనుషులున్న పడవ మాటేమిటి?

నది మామూలుగా వున్నదా లేదా అని ఊళ్లోనే తెలుసుకోవచ్చు. బ్యారేజీ దగ్గర నీటిమట్టం 12 అడుగులు. అప్పుడు నిల్వ సుమారు 3 టీఎంసీలు. పైనుంచి వచ్చే నీరు కాలువలకు పోగా మిగిలితే గేట్లెత్తి వదులుతారు. గేట్లెత్తారంటే ఎగువ నీటిలోనూ లాగుడు పుడుతుంది. 3.97 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. హెచ్చరిక దాకా ఆగనవసరం లేదు. శ్రీశైలం, సాగర్, పులిచింతల గేట్లెత్తారని వార్త వస్తే ఆ వారం షికారు మానుకోవడం మంచిది. దసరా చివరి రోజు దుర్గామల్లేశ్వరుల హంసవాహనాన్నే వరద ఎక్కువైన కొన్ని సంవత్సరాల్లో నదిలో తిప్పకుండా ఒడ్డునే వుంచి పూజలు జరిపారు. కార్తీకం తుపాన్ల కాలం కూడాను. 1977 నవంబరు 19 దివిసీమను ముంచింది ఈ మాసంలోనే.

ఆ ఆదివారం

2017 నవంబరు 12. అదీ కార్తీక ఆదివారమే. ఇబ్రహీంపట్నం దగ్గర ఫెర్రీలో, పట్టిసీమ నుంచి వచ్చిన గోదావరి నీరు కృష్ణలో కలిసే పవిత్ర సంగమం వద్ద సాయంత్రం హారతి చూడాలని కొందరు పడవెక్కారు. వారిలో ఎక్కువమంది ఒంగోలు వాళ్లు. సంగమానికి చేరబోతుండగా పడవ తిరగబడింది. ఇరవై మందికి పైగా చనిపోయారు. ఒడ్డు కనుచూపు మేరలోనే వున్నది. హారతికి వచ్చిన జనం కళ్లముందే ఇది జరిగింది.

ఆ పడవకు ప్రయాణికులను తీసుకుపోయే అనుమతి లేదు. లైఫ్ జాకెట్లు ఇవ్వలేదు. ఎక్కించుకోవలసిన వారికంటె ఎక్కువమందిని ఎక్కించారు. తరువాత బయటికి వచ్చిన విషయాలివి. ఈ మూడూ రేవులో నిలబడి చూస్తే కంటికి కనిపించేవే. పడవలో ఎక్కినవాళ్లు చదువుకున్నవాళ్లే, లోకం తెలిసినవాళ్లే. పొద్దుపోతున్నది, హారతి దాటిపోతుందన్న తొందర ఎవరికైనా సహజం.

రెండేళ్లు తిరక్కుండానే 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పాపికొండలకు వెళ్లే పెద్ద బోటు మునిగి యాభై మంది దాకా పోయారు. ఆ రోజు గోదావరిలో సుమారు 5 లక్షల క్యూసెక్కుల వరద వుంది. బోటును పైకి తీయడం అక్టోబరు 22 దాకా సాధ్యం కాలేదు. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం ఆ పని చేసింది.

ఎక్కేటప్పుడు

పడవను ముందు దూరం నుంచి చూడాలి. మనుషులెక్కాక నీటికీ పడవ అంచుకూ మధ్య ఎంత ఎడం మిగిలిందో గమనించాలి. జానెడు కూడా లేకపోతే అది నిండిపోయిన పడవే. రెండంతస్తుల బోటులో పై అంతస్తుకు అందరూ ఎక్కితే బరువు పైకిపోయి పడవ ఊగుతుంది. ఫొటోల కోసం అందరూ ఒక్క పక్కకు చేరడం మరీ ప్రమాదం. ఎడ్లబండిలో బస్తాలన్నీ ఒక వైపు వేస్తే ఏమవుతుందో రైతుకు తెలుసు. పడవకూ అదే లెక్క.

లైఫ్ జాకెట్ అంటే మెళ్లో వేసుకునే కండువా కాదు. బకిల్స్ అన్నీ పడాలి, పట్టీ బిగియాలి. పిల్లలకు పిల్లల సైజే వుండాలి. తొడిగాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగిచూడండి. జాకెట్ చెవుల దాకా జరిగిందంటే నీళ్లలో బిడ్డ కిందికి జారుతుంది, జాకెట్ ఒక్కటే పైకి తేలుతుంది. చీర మీద కూడా జాకెట్ వేసుకోవచ్చు, సిగ్గుపడవలసింది లేదు. కొంగు మాత్రం నడుముకు దోపుకోవాలి. పడవలోకి గెంతకూడదు. కళాసీ చెయ్యి కాదు, మణికట్టు పట్టుకుని, అడుగు అంచు మీద కాకుండా మధ్యలో వేసి, వెంటనే కూర్చోవాలి. పెద్దవాళ్లు ఇద్దరు ముందు దిగి, పిల్లలను మధ్యలో అందుకుంటే బాగుంటుంది.

గత కార్తీకంలో ఈ విలేకరి తల్లిని, భార్యను, ఇద్దరు పిల్లలను తీసుకుని ఒక రేవుకు వెళ్లడం జరిగింది. టిక్కెట్లు తీసుకున్నాము. పడవ దగ్గరకు వెళితే చిన్నదానికి ఇచ్చిన జాకెట్‌కు ఒక బకిల్ విరిగిపోయి వున్నది. వేరేది ఇమ్మంటే అక్కడి కుర్రవాడు "పది నిమిషాలే గదండీ, ఏం కాదు ఎక్కండి" అన్నాడు. వెనక నుంచి జనం తోస్తున్నారు. నేను నోరు తెరిచేలోగా అమ్మ అందుకుంది. "పది నిమిషాల్లో మునగడానికి రెండు నిమిషాలు చాలు నాయనా. డబ్బులిచ్చి దణ్ణం పెట్టుకుంటూ ఎక్కాలా ఏమిటి?" అని అక్కడే మెట్టు మీద కూర్చున్నది. పెళ్లయిన కొత్తలో, పులిగడ్డ - పెనుమూడి వంతెన లేని రోజుల్లో, రేపల్లె వైపు వెళ్లడానికి కృష్ణ పాయ దాటిన మనిషి ఆమె. గాలి లేచిందంటే సరంగు రేవులోనే పడవ కట్టేసేవాడట. పెళ్లివారున్నా సరే, మునసబు వున్నా సరే కదిలించేవాడు కాదట. ఆ పడవ వెళ్లిపోయింది. అరగంట తరువాత మరొకటి వచ్చింది, దాంట్లో పిల్లల జాకెట్లు సరిగ్గానే వున్నాయి. అమ్మను చూసి మరో రెండు కుటుంబాలవాళ్లు కూడా మాతో ఆగిపోవడం విశేషం. పడవలో కూర్చున్నాక చిన్నది నీళ్లలో చెయ్యి పెడతానని మారాం చేసింది, నాయనమ్మ ఒప్పుకోలేదు. లంక చేరేదాకా ఇద్దరి మధ్య అదే తగవు.

పెద్ద ఓడల పద్ధతి చూస్తే ఇందులో చాదస్తమేమీ లేదని తెలుస్తుంది. 1912లో టైటానిక్ మునిగిన తరువాత 1914లో దేశాలన్నీ కూర్చుని సముద్ర ప్రయాణికుల రక్షణకు ఒడంబడిక రాసుకున్నాయి. దాని ప్రకారం విహార నౌకలో జాకెట్ ఎలా తొడగాలో, ఆపద వస్తే ఎక్కడ చేరాలో ప్రయాణికులందరికీ బయల్దేరేటప్పుడే చూపించి తీరాలి. మన విశాఖ రేవు నుంచి కూడా 2022 జూన్‌లో పుదుచ్చేరి, చెన్నైలకు అలాంటి నౌక నడిచింది. 2023 సెప్టెంబరులో అక్కడ క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభించారు. వేలమంది ఎక్కే ఓడలో చూపించడానికి తీరిక దొరికితే, ముప్ఫై మంది ఎక్కే బోటులో దొరకదా?

ఇంకాస్త దూరం పోదామనుకునే కుటుంబాలకు నాగార్జునసాగర్ వుంది. విజయపురి సౌత్ నుంచి లాంచీలో నాగార్జునకొండకు వెళితే, ప్రాజెక్టు కట్టేటప్పుడు మునిగిపోనున్న లోయలోంచి తెచ్చి పెట్టిన బౌద్ధ శిల్పాలు చూడవచ్చు. సాగర్ నుంచి శ్రీశైలానికి తెలంగాణ పర్యాటక శాఖ లాంచీ నడుపుతుంది. నల్లమల కొండల మధ్య ఆరేడు గంటల ప్రయాణం. జలాశయంలో నీరు చాలినంత వున్న ఏడాదే, అదీ వరద తగ్గాక వానాకాలం చివరనే వీలవుతుంది. బయల్దేరే ముందు ఆ రోజు లాంచీ వున్నదో లేదో కనుక్కుని వెళ్లాలి, లేకపోతే మాచర్ల దాకా వెళ్లి వెనక్కి రావలసి వస్తుంది.

భవానీ ద్వీపానికి మాత్రం ఉదయం పూటే వెళ్లడం మేలు. కార్తీకంలో ఐదున్నర దాటేసరికి పొద్దుగూకుతుంది. తిరుగు పడవ దగ్గర ఆఖరి గంటలో తోపులాట వుంటుంది కనుక భోజనాలు కాగానే రేవుకు చేరుకుంటే పిల్లలను చంకనెత్తుకుని నిలబడే పని తప్పుతుంది, చీకటి పడకముందే ఊరి బస్సూ అందుతుంది.