మీకు తెలుసా? ఒక్క సెంటీమీటరు వాన, దాదాపు ఒక ట్యాంకు నీళ్లు

వెయ్యి చదరపు అడుగుల డాబా మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే సుమారు 930 లీటర్ల నీళ్లు. మిద్దె మీది వెయ్యి లీటర్ల ట్యాంకు నిండడానికి కాస్తే తక్కువ!

లెక్క తేలిక: చదరపు మీటరు చోట మిల్లీమీటరు వాన అంటే సరిగ్గా లీటరు. హైదరాబాదులో ఏడాదికి దాదాపు 800 మిల్లీమీటర్లు కురుస్తుంది. అంటే అదే డాబా మీద 74 వేల లీటర్లు. కొంత ఆవిరైనా, చిమ్మిపోయినా మిగిలేది తక్కువేం కాదు, అదంతా కాలవపాలు కావడమే బాధ.

ఆ నీళ్లు పట్టుకోవచ్చు, తొలకరి నీళ్లు మాత్రం పట్టకండి. వేసవి దుమ్ము, పావురాల రెట్ట కలిసి టీ రంగులో దిగుతాయి. తర్వాతి వానకి డాబా నీళ్లు దిగే గొట్టం మూతికి పాత నూలు చీర ముక్క రెండు మడతలు వేసి కట్టి, కింద డ్రమ్ము పెట్టండి. మొక్కలకీ, వాకిలి కడగడానికీ ఆ నీళ్లే చాలు. మూత మరవకండి, దోమలు చేరతాయి.