క్షమకు తోడ్పడు చికిత్సకుని ఎన్నుకొనుట ఎట్లు?

"క్షమించుము" అని చెప్పుట సులభము. ఎట్లు క్షమింపవలెనో చెప్పుట కష్టము. నీతిగ్రంథములు క్షమను కొనియాడినవి. పెద్దలు పిల్లలకు దానిని బోధించుచునే యున్నారు. కాని గాయపడిన మనస్సు ఏ మార్గమున నడచి ఆ స్థితికి చేరును? ఈ ప్రశ్నను శాస్త్రజ్ఞులు ప్రయోగములతో పరిశీలించుట ఇటీవలి విషయము. 1980ల తరువాతనే ఈ పరిశోధన ఊపందుకొన్నది. నేడు క్షమించుటకు తోడ్పడు చికిత్సా పద్ధతులు కలవు. వాటిని తెలిసిన నిపుణులతో ఇంటినుండియే, ఫోనులోనో వీడియోలోనో, మాటలాడు వీలు కూడ కలదు. అయితే వీలు పెరిగినకొలది ఎన్నికలో జాగ్రత్తయు పెరుగవలెను. ఏమి అడిగి, ఏమి చూచి చికిత్సకుని ఎన్నుకొనవలెనో తెలియుటకు ముందు, క్షమ యనగా ఏమియో తెలియవలెను.

ఒక ఉదాహరణము తీసికొందము. ఒక ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు తోటి ఉపాధ్యాయుని అప్పునకు హామీగా సంతకము చేసెననుకొనుడు. అప్పు తీసికొన్నవాడు వాయిదాలు కట్టుట మానివేసెను. ప్రతి నెల హామీదారుని జీతములో కోత పడుచున్నది. ఇద్దరును ఒకే గదిలో కూర్చుందురు. పోవు సొమ్ము నెలకు ఇంత అని లెక్క కలదు. కోపమునకు లెక్క లేదు. పాఠము చెప్పుచున్నను అదే తలపు. రాత్రి నిద్ర పట్టకున్నను అదే తలపు. మిత్రులు "పోనిమ్మయ్యా, మరచిపో" అందురు. కాని మరచిపోవుట అతని చేతిలో లేదు.

క్షమ కానిది ఏది?

మనస్తత్వ శాస్త్రజ్ఞులు మొదట చేసిన పని క్షమను దానివలె కనిపించు ఇతర విషయములనుండి వేరుచేయుట. క్షమించుట యనగా మరచిపోవుట కాదు. జరిగినది తప్పు కాదని ఒప్పుకొనుట కాదు. తప్పు చేసినవానిని శిక్షనుండి తప్పించుట కాదు. అన్నిటికంటె ముఖ్యముగా, క్షమ వేరు, రాజీ వేరు. రాజీకి ఇద్దరు కావలెను. ఎదుటివాడు నమ్మదగినవాడు కావలెను. క్షమకు ఒక్కరు చాలును. అది గాయపడినవాని మనస్సులో జరుగు మార్పు: పగ, ద్వేషము క్రమముగ తగ్గి, వాటి స్థానమున కొంత సద్భావము కలుగుట.

కావున మన ఉదాహరణములోని ఉపాధ్యాయుడు తోటివానిని క్షమించియు, తనకు రావలసిన సొమ్ముకొరకు న్యాయస్థానమునకు పోవచ్చును. మరియొకమారు అతనికి హామీ ఇయ్యకుండవచ్చును. ఈ రెండును క్షమకు విరుద్ధములు కావు. ఈ భేదము తెలియక "క్షమించినచో లోకువయైపోవుదును" అని కొందరు భయపడుదురు. మరికొందరు క్షమ పేర మరల మరల హింసకు లొంగిపోవుదురు.

అమెరికాలోని వర్జీనియా కామన్వెల్త్ విశ్వవిద్యాలయమునకు చెందిన ఎవరెట్ వర్తింగ్టన్ మరియొక భేదమును చూపెను. క్షమించుటకు నిర్ణయించుకొనుట ఒకటి. భావములలో క్షమ కలుగుట మరియొకటి. మొదటిది ఒక్క పూటలో జరుగవచ్చును. రెండవది మెల్లగా జరుగును. "క్షమించితిని" అని చెప్పిన మరునాడే కోపము తిరిగి వచ్చినచో అది కపటము కాదు. నిర్ణయము ముందు నడచినది, భావము వెనుకనుండి వచ్చుచున్నది.

పగ శరీరమున ఏమి చేయును?

పశువు మేసిన గడ్డిని నెమరువేసినట్లు మనస్సు అవమానమును నెమరువేయును. ప్రతిమారును శరీరము ఆ ప్రమాదము ఇప్పుడే జరుగుచున్నట్లు స్పందించును. అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్, కార్టిసాల్ అను హార్మోనులను విడుదల చేయును, గుండె వేగముగ కొట్టుకొనును, కండరములు బిగియును.

దీనిని 2001లో షార్లట్ విట్‌వ్లియట్, ఆమె సహచరులు అమెరికాలో 71 మంది విద్యార్థులపై పరీక్షించిరి. ప్రతి విద్యార్థియు తనకు నిజముగా బాధ కలిగించిన ఒక వ్యక్తిని తలచుకొనెను. కొంతసేపు ఆ గాయమును నెమరువేసి పగబట్టినట్లును, కొంతసేపు ఆ వ్యక్తిని అర్థము చేసికొని క్షమించినట్లును ఊహించెను. పగను ఊహించినపుడు గుండె వేగము, రక్తపు పోటు, చర్మముపై చెమటను తెలుపు విద్యుద్వాహకత, కనుబొమల బిగింపు ఎక్కువగా నుండెను. ఇది కొద్ది నిమిషముల ప్రయోగము. పగవలన ఫలానా రోగము వచ్చునని దీనినిబట్టి చెప్పరాదు. కాని తలపు మాత్రముననే దేహము మారునని స్పష్టమయినది.

చికిత్సలో నాలుగు దశలు

విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున రాబర్ట్ ఎన్‌రైట్ 1985 నుండి ఈ విషయమును పరిశోధించెను. ఆయన రూపొందించిన పద్ధతిలో నాలుగు దశలు కలవు.

మొదటిది కోపమును వెలికి తీయుట. "నాకేమి కోపము లేదు" అనువానికి కూడ లోపల నిప్పు ఉండవచ్చును. ఏమి జరిగినది, దానివలన ఏమేమి పోయినది, ఆ తలపుపై ఎంత శక్తి వ్యయమగుచున్నది అని నిదానముగ పరిశీలింతురు.

రెండవది నిర్ణయము. ఇంతవరకు పట్టిన మార్గము ఫలింపలేదని తెలిసికొని, క్షమను ప్రయత్నించి చూతునని వ్యక్తి తానుగా నిశ్చయించుకొనును. చికిత్సకుడు ఇందు తొందరపెట్టరాదు.

మూడవది సాధన. తప్పు చేసినవానిని ఆ తప్పుగా మాత్రమే గాక ఒక మనుష్యునిగా చూచుట ఇందలి ముఖ్యాంశము. అతడు ఎట్టి పరిస్థితులలో పెరిగెను? ఏ భయము, ఏ ఒత్తిడి అతనిని అటు నడిపెను? ఇట్లడుగుట తప్పును సమర్థించుటకు కాదు, అర్థము చేసికొనుటకు. తనకు కలిగిన బాధను ఇంటివారిపైనను, శిష్యులపైనను వెళ్ళగ్రక్కకుండ భరించుటయు ఈ దశలోనిదే.

నాలుగవది ఫలితమును గుర్తించుట. ఈ అనుభవమునకు తన జీవితమున ఏదో అర్థమును చూచుకొని, భారము తగ్గినదని వ్యక్తి గ్రహించును.

ఈ పద్ధతితో సుజేన్ ఫ్రీడ్‌మన్, ఎన్‌రైట్ 1996లో ప్రకటించిన పరిశోధన ప్రసిద్ధమైనది. బాల్యమున అయినవారివలననే లైంగిక హింసకు గురియైన 12 మంది స్త్రీలకు విడివిడిగా వారమునకొకమారు చికిత్స జరిగెను. సగటున 14 నెలలు పట్టెను. వారిలో ఆందోళన, కుంగుబాటు తగ్గెను, ఆశ పెరిగెను. హింసించినవారితో రాజీపడుమని వారినెవరును కోరలేదు. గాయము ఎంత లోతైనదో చికిత్సయు అంత దీర్ఘమైనదని పాఠకులు గమనింతురు గాక.

2014లో నథానియల్ వేడ్, సహచరులు ఇట్టి 54 పరిశోధనలను కలిపి పరిశీలించిరి. ఎక్కువకాలము సాగిన చికిత్స ఎక్కువ ఫలమిచ్చెననియు, సమూహముగా కంటె విడిగా జరిగిన చికిత్స మెరుగనియు తేలెను. కావున "మూడు దినములలో క్షమ" అను ప్రకటనలను సందేహముతో చూడవలెను.

దూరమునుండి చికిత్స ఫలించునా?

ఎదురెదురుగా కూర్చుండక మనస్సునకు చికిత్స జరుగునా అని కొందరు శంకింతురు. 2018లో పెర్ కార్ల్‌బ్రింగ్, సహచరులు 20 పరిశోధనలను పరిశీలించి, ఆలోచనలను, ప్రవర్తనను సవరించు చికిత్స ఇంటర్నెట్ ద్వారా జరిగినను, ముఖాముఖిగ జరిగినను ఫలితము ఇంచుమించు సమానమని చూపిరి. క్షమ విషయమున 2024లో ప్రకటింపబడిన ఒక పరిశోధన విశేషమైనది. కొలంబియా, హాంకాంగ్, ఇండోనేషియా, దక్షిణాఫ్రికా, ఉక్రెయిన్ ప్రాంతములలో 4,598 మంది ఇందు పాల్గొనిరి. వర్తింగ్టన్ పద్ధతిపై వ్రాసిన ఒక అభ్యాస పుస్తకమును వారు చికిత్సకుడు లేకయే, సుమారు మూడు గంటలలో, పూర్తిచేసిరి. గాయమును ప్రశాంతముగ తలచుకొనుట, ఎదుటివాని దృష్టితో చూచుట, క్షమను కానుకగా భావించుట, నిర్ణయమును స్థిరపరచుకొనుట, సందేహము కలిగినపుడు దానిని నిలుపుకొనుట అను ఐదు మెట్లు అందు కలవు. పుస్తకమును ముందుగ పొందినవారిలో, తరువాత పొందనున్నవారికంటె, క్షమ పెరిగి ఆందోళన, కుంగుబాటు తగ్గెను.

దీనినిబట్టి సామాన్యమైన మనస్తాపములకు స్వయంకృషి కొంత చాలునని తెలియుచున్నది. కాని నిద్రాహారములు చెడిపోయినపుడు, గాయము తీవ్రమైనపుడు మనుష్యుని తోడు అవసరము.

ఎవరిని ఎన్నుకొనవలెను?

మొదట అర్హత. మానసిక వైద్యుడు వైద్యపట్టము పొంది వైద్యమండలిలో నమోదైనవాడు, మందులు వ్రాయగలడు. క్లినికల్ సైకాలజిస్టు భారత పునరావాస మండలిలో నమోదై యుండవలెను. మాటలద్వారా చికిత్స చేయును. "కౌన్సెలర్" అను పేరు మాత్రము చూచి అర్హతను నిర్ణయింపరాదు. ఏమి చదివెను, ఎచట శిక్షణ పొందెను అని అడుగవలెను. నమోదు సంఖ్యను అడుగుట మర్యాదకు భంగము కాదు. 2020 మార్చిలో వెలువడిన టెలిమెడిసిన్ మార్గదర్శకముల ప్రకారము వైద్యుడు తన నమోదు సంఖ్యను రోగికి కనిపించునట్లు తెలుపవలెను. రోగి మైనరైనచో పెద్దలొకరు వెంట ఉన్నపుడే సంప్రదింపు జరుగవలెను.

రెండవది అవతల ఉన్నది మనుష్యుడా, యంత్రమా అని తెలిసికొనుట. 1966లోనే జోసెఫ్ వైజెన్‌బామ్ ఎలైజా అను సంభాషణ ప్రోగ్రామును ప్రకటించెను. అది మనుష్యుని మాటనే ప్రశ్నగా మార్చి తిరిగి చెప్పెడిది. అయినను కొందరు దానికి తమ గోడు వెళ్ళబోసికొనిరి. నేటి యంత్రములు ఇంకను చక్కగ మాటలాడును. చక్కగ మాటలాడుట వేరు, బాధ్యత వహించుట వేరు.

మూడవది గోప్యత. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము చికిత్స పొందువానికి గోప్యతను హక్కుగా ఇచ్చినది. అయినను యాపులలో మనము నింపు వివరములు ఎచటికి పోవునో చూడవలెను. బెటర్‌హెల్ప్ అను అమెరికా సంస్థ తన వినియోగదారుల వివరములను ప్రకటనలకొరకు ఫేస్‌బుక్ వంటి సంస్థలకు అందించెనని అచటి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అభియోగము మోపినది. 2023లో ఆ సంస్థ 78 లక్షల డాలర్లు చెల్లించుటకు ఒప్పుకొన్నది.

నాలుగవది, క్షమ విషయమున ముఖ్యమైనది: చికిత్సకుని దృక్పథము. మొదటి సంభాషణలోనే ఈ ప్రశ్నలు అడుగవచ్చును. "క్షమించుటకును రాజీపడుటకును భేదము ఏమి? ఏ పద్ధతిని అనుసరింతురు? సుమారు ఎంత కాలము పట్టును? నేను చివరకు క్షమింపకూడదని నిర్ణయించుకొన్నచో ఏమందురు?" చివరి ప్రశ్నకు వచ్చు జవాబు గీటురాయి వంటిది. మంచి చికిత్సకుడు నిర్ణయము నీదే యనును. "క్షమించియే తీరవలెను" అనువాడును, కోపము చల్లారకముందే ఎదుటివానికి ఫోను చేయుమనువాడును ఈ పనికి తగరు.

తెలుగులో మాటలాడగల చికిత్సకుడు దొరికినచో మేలు. అవమానమును మనము పొందునది మాతృభాషలోనే. దానిని విప్పి చెప్పుటకును ఆ భాషయే సహజము. వ్యయము భరింపలేనివారికి భారత ప్రభుత్వము 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలి-మానస్ సేవ కలదు. 14416 సంఖ్యకు రాత్రింబగళ్ళు ఉచితముగ ఫోను చేయవచ్చును. తెలుగులోను మాటలాడవచ్చును. మొదట శిక్షణ పొందిన సలహాదారు మాటలాడును. అవసరమైనచో నిపుణునికి అప్పగించును. ఆత్మహత్యా తలపులు కలిగినచో క్షమను గురించిన చర్చ తరువాత. ముందు ఈ సంఖ్యకు ఫోను చేయవలెను.

ఉపాధ్యాయులకు ఒక మాట

తరగతిలో పెన్సిలు విరిచిన తగాదాను "క్షమించుము" అని తీర్చవచ్చును. కాని ఒక బాలికయో బాలుడో తనకు పెద్దలవలన హింస జరుగుచున్నదని చెప్పినపుడు ఆ మాట పలుకరాదు. ప్రమాదము ఇంకను కొనసాగుచున్నపుడు కావలసినది రక్షణ. లైంగిక హింస విషయమున 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము, తెలిసిన ప్రతివారును పోలీసులకు తెలుపవలెను. ఈ బాధ్యత చికిత్సకునికిని కలదు, ఉపాధ్యాయునికిని కలదు. ఇచట గోప్యత అడ్డురాదు. పిల్లల సహాయముకొరకు 1098 సంఖ్య కలదు.

విరిగిన ఎముకను కట్టువాడు ఎముకను తాను అతికింపడు. అది కదలకుండ నిలుపును. అతుకుకొనునది ఎముకయే. క్షమ విషయమునను అంతే. చికిత్సకుడు ప్రక్కన నున్నను, వంద మైళ్ళ దూరముననున్నను, మార్పు జరుగునది గాయపడినవాని మనస్సులోనే. అందులకు కావలసిన కాలమును, భద్రతను, స్వేచ్ఛను ఇచ్చువాడే మంచి చికిత్సకుడు.