వ్రేలికొన నేర్చిన విద్య

పట్టణములలోని శిశువిద్యాలయములను దర్శించువారికి కొన్ని పరికరములు తప్పక కనబడును. పిడులు గల కొయ్య దిమ్మెలు, వానికి సరిపోవు గుంటలు. గుండీలు పెట్టుటకును ముడులు వేయుటకును బట్ట బిగించిన చట్రములు. గరుకు కాగితముతో కత్తిరించి అట్టలపై అంటించిన అక్షరములు. మూడు నాలుగేండ్ల బిడ్డ ఆ అక్షరముపై వ్రేలు నడపుచు, దాని ధ్వనిని పలుకుచు, కలము పట్టకముందే తన చేతిని వ్రాతకు సిద్ధపరచుకొనును. వాకిట 'మాంటిసోరి బడి' అను పలక ఉన్నచో అదియే గొప్పగా ఎంచు తల్లిదండ్రులు అనేకులు. అయితే ఈ విద్య మొట్టమొదట ఎవరి కొరకు పుట్టినదో ఎరిగినవారు కొలదిమందియే. ఏ పాఠశాలయు తన గడప త్రొక్కనీయని పిల్లల కొరకు ఇది పుట్టినది. అట్టి పిల్లలు నేడును ఎన్నియో శిశువిద్యాలయముల గడపకు వెలుపలనే నిలిచియుండుట ఉపాధ్యాయులోకము ఆలోచింపవలసిన విషయము.

ఉన్మాదుల నడుమ పసివారు

మేరియా మాంటిసోరి 1870వ సంవత్సరమున ఇటలీ దేశమున జన్మించెను. 1896లో రోమ్ విశ్వవిద్యాలయమున వైద్యపట్టము పొంది, అచ్చటి మానసిక వైద్యశాలలో సహాయకురాలిగా చేరెను. ఆ పనిమీద ఆమె నగరములోని ఉన్మాదుల ఆశ్రమములకు పోవుచుండెను. బుద్ధి వికాసము మందగించిన పిల్లలను ఆ కాలమున పెద్దవారైన ఉన్మాదులతో కలిపి ఆ ఆశ్రమములలోనే ఉంచుచుండిరి. వారికి తిండి పెట్టుట, తలుపు మూయుట తప్ప వేరొక కర్తవ్యము కలదని ఎక్కువమందికి తోచలేదు.

ఆమె జీవితచరిత్రలలో ఒక సంఘటన తరచుగా కనబడును. ఒక ఆశ్రమములో భోజనమైన తోడనే పిల్లలు నేలపై చేరి రొట్టె తునకలను ఏరుకొనుచుండిరట. పరిచారిక అది వట్టి తిండిపోతుతనమని ఏవగించుకొనెను. మాంటిసోరి ఆ గదిని కలయజూచెను. అందు ఒక్క బొమ్మ లేదు. చేత పట్టి త్రిప్పి చూచుటకు మరి యే వస్తువును లేదు. ఆ చిన్ని చేతులు వెదకుచున్నది ఆహారమును కాదు, పనిని అని ఆమె గ్రహించెను.

పిమ్మట ఆమె పూర్వుల గ్రంథములను వెదకెను. 19వ శతాబ్ది ఆరంభమున ఫ్రాన్సు దేశమున ఆవెయిరాన్ అడవులలో దొరకిన మాటలేని బాలునికి కొన్నియేండ్లు విద్య గరపిన ఇటార్ అను వైద్యుని నివేదికలును, అతని శిష్యుడైన సెగాన్ రచించిన గ్రంథమును ఆమెకు లభించినవి. కంటికి, చెవికి, చేతికి క్రమముగా శిక్షణ నిచ్చి, ఆ మార్గమున బుద్ధిని మేల్కొల్పవచ్చునని వారి అభిప్రాయము. ఆ రచనలను మాంటిసోరి మొదటినుండి తుదివరకు ఇటాలియను భాషలోనికి అనువదించి స్వహస్తముతో వ్రాసికొనెను. 1898లో ట్యూరిన్ నగరమున జరిగిన విద్యా మహాసభలో, మందబుద్ధి ప్రధానముగా వైద్యుడు పరిష్కరింపవలసిన సమస్య కాదనియు, ఉపాధ్యాయుడు పరిష్కరింపవలసినదనియు ఆమె ప్రకటించెను.

1900లో రోమ్ నగరమున అట్టి పిల్లల కొరకు ఒక విద్యాలయము ఏర్పడగా, మాంటిసోరి దానిని నడపు బాధ్యతను మరియొక వైద్యునితో కలిసి వహించెను. ప్రొద్దుట మొదలు సాయంకాలము వరకు స్వయముగా పిల్లలతో గడపెను. రాత్రులందు నాటి అనుభవమును వ్రాసికొనెను. అందమైన కొయ్య అక్షరములు చేయించి, అచ్చులకు ఒక రంగును, హల్లులకు మరియొక రంగును వేయించెను. పిల్లలు వానిని కన్నులతో చూచుటయేగాక, వ్రాయు వరుసలోనే వ్రేలు నడపి నేర్చుకొనిరి. కొంతకాలమునకు వారిలో కొందరు చదువను వ్రాయను నేర్చి, సాధారణ పాఠశాలల బాలురతోపాటు పరీక్షకు కూర్చుండి కృతార్థులైరి.

చూచినవారు ఇది అద్భుతమనిరి. మాంటిసోరి మనస్సున మాత్రము వేరొక ప్రశ్న మెదలెను. ఆశ్రమమునకు విడువబడిన పిల్లలే ఇంతవరకు రాగలిగినప్పుడు, ఏ లోపమును లేని పిల్లలను వారితో సమానమైన స్థాయిలోనే ఆపియుంచుచున్నది ఏది? లోపము పిల్లలలో ఉన్నదా, వారికి చెప్పు తీరులో ఉన్నదా?

రోమ్ నుండి అడయారునకు

ఈ ప్రశ్నకు సమాధానము 1907 జనవరి 6వ తేదీన రోమ్ నగరములోని శాన్ లొరెన్జో అను పేదల పేటలో ప్రారంభమైనది. కూలినాలి చేసికొను తల్లిదండ్రుల బిడ్డలకు ఆ పేటలో ఒక శిశుమందిరము తెరువబడెను. పూర్వపు విద్యాలయములో వాడిన పరికరములనే కొలదిపాటి మార్పులతో మాంటిసోరి ఇచ్చట ప్రవేశపెట్టెను. కొయ్య అక్షరములు చేయించుట ఖర్చుతో కూడిన పని యగుటచే, గరుకు కాగితమును కత్తిరించి అట్టలకు అంటించిరి. నేడు పెద్ద రుసుములు తీసికొను విద్యాలయములలో కనబడు ఆ అట్టలు పేదవాడలో పుట్టినవని జ్ఞాపకముంచుకొనుట మంచిది.

1939లో దివ్యజ్ఞాన సమాజమువారి ఆహ్వానముపై మాంటిసోరి మదరాసు చేరి, అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చుటకు ఆరంభించెను. మరుసటి సంవత్సరము ఇటలీ బ్రిటనుపై యుద్ధమునకు దిగుటతో ఆమె రాకపోకలపై ఆంక్షలు విధింపబడినవి. యుద్ధకాలములో చాలభాగము అడయారులోను, కొడైకెనాల్‌లోను గడచెను. తెలుగు జిల్లాలలో అనేకము ఆనాడు మదరాసు ప్రెసిడెన్సీలోనివే. అడయారు శిక్షణకు దేశము నలుమూలలనుండి ఉపాధ్యాయులు వచ్చిరి. వారితో ఈ పద్ధతి ఊరూరికి పోయెను.

వ్రేలితో అక్షరము నేర్చుట తెలుగువారికి క్రొత్త కాదు. అక్షరాభ్యాసమునాడు బిడ్డ చేయి పట్టి పళ్లెములోని బియ్యముపై అక్షరము వ్రాయింతురు. వీధిబడులలో ఇసుకపై గుంట ఓనమాలు దిద్దించుట ఆచారముగా ఉండెను. చూపునకును చేతికిని గల ఈ చుట్టరికమును పంతులవారు సంప్రదాయముచే ఎరిగియుండిరి. మాంటిసోరి దానిని పరిశీలనచే నిరూపించెను.

మూసియున్న నడిమి తలుపు

పద్ధతి ప్రపంచమంతయు తిరిగినది గాని, దానిని సాధ్యము చేసిన పిల్లలు కదలక యున్నచోటనే మిగిలిపోయిరి. మాంటిసోరియు మొదట ఒక గదిలో ఒక విధమగు పిల్లలకు, పిమ్మట మరియొక గదిలో మరియొక విధమగు పిల్లలకు బోధించెను. ఆ రెండు గదుల నడుమనున్న తలుపు ఆమె నాటికి తెరచుకొనలేదు. దానిని తీయుటకు దశాబ్దములు పట్టినది.

మాంటిసోరి జన్మభూమియే ఇందు ముందడుగు వేసినది. ఇటలీ దేశమున 1977లో చేసిన 517వ సంఖ్య గల చట్టము వికలాంగ బాలురకు వేరు తరగతులను తొలగించి, వారిని సాధారణ తరగతులలో చేర్చినది. చేర్చి ఊరకుండలేదు. అట్టి బిడ్డ గల తరగతిలో 20 మందికి మించి పిల్లలు ఉండరాదనియు, ప్రత్యేక శిక్షణ పొందిన ఉపాధ్యాయుడు సాయముగా ఉండవలెననియు విధించినది. 1994లో స్పెయిన్ దేశమున సాలమాంకా నగరమున సమావేశమైన 92 ప్రభుత్వముల ప్రతినిధులు, పిల్లలందరిని సాధారణ పాఠశాలలలోనే చేర్చుకొనవలెనని ఏకగ్రీవముగా చాటిరి. వికలాంగుల హక్కులపై ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన ఒడంబడికను భారతదేశము 2007లో అంగీకరించినది.

భారతదేశమున ఈ ప్రయత్నము 1974లో కేంద్రప్రభుత్వ పథకముతో మొదలైనది. 2016లో చేయబడిన వికలాంగుల హక్కుల చట్టము 21 విధములగు వైకల్యములను గుర్తించి, విద్యాసంస్థలు ఏ భేదమును పాటింపక పిల్లలను చేర్చుకొనవలెనని శాసించినది. అందు సహిత విద్యకు చెప్పిన నిర్వచనము ఉపాధ్యాయులు గమనింపదగినది. వైకల్యము గలవారును లేనివారును కలిసి చదువుకొనుట అందు సగము మాత్రమే. బోధనాపద్ధతి ఆ పిల్లల అవసరమునకు తగినట్లు మారుట మిగిలిన సగము. బిడ్డను చేర్చుకొని పద్ధతిని మార్చనిచో, చట్టము దృష్టిలో పని సగమైనను ముగియలేదన్నమాట.

మూడు నుండి ఆరు వరకు

విద్యాహక్కు చట్టము (2009) ఆరేండ్ల వయస్సుతో మొదలగును. 2016 చట్టము నిర్ణీత స్థాయి వైకల్యము గల పిల్లలకు ఇచ్చిన ఉచిత విద్యాహక్కును ఆరవయేటనే మొదలగును. కాని బిడ్డ ఆరేండ్ల వరకు వేచియుండునా? మాట, నడక, చేతి నేర్పు, తోటివారితో మెలగు తీరు అంతకుముందే రూపుదాల్చును. వినికిడి లేని బిడ్డకు తొలియేండ్లలో ఏ భాషయు, సంజ్ఞాభాషయైనను, అందనిచో ఆ నష్టమును తరువాత పూరించుట మిక్కిలి కష్టము. శాన్ లొరెన్జోలో మాంటిసోరి చెంతకు చేరిన పిల్లలును దాదాపు ఈ వయస్సువారే.

కావున ఈ విషయమున మొదటి గడప బడిది కాదు, అంగన్‌వాడీది. 2020 జాతీయ విద్యావిధానము మూడవయేటనుండియే విద్యకు పునాది వేయవలెనని చెప్పినది. 2023లో కేంద్రప్రభుత్వము అంగన్‌వాడీలలో దివ్యాంగ శిశువుల కొరకు ఒక కార్యవిధానమును ప్రకటించినది. ఎదుగుదలలోని జాగును త్వరగా కనిపెట్టుట, బిడ్డను తోటిపిల్లలతో కలిపి ఆడించి నేర్పుట, తల్లిదండ్రులకు చేయూత నిచ్చుట, వైద్యసహాయమునకు పంపుట అందలి ముఖ్యాంశములు. కాగితముపైని ఈ మాటలు నిజమగుట ఆ గదిలోని కార్యకర్త చేతిలో ఉన్నది. ఆమెకు తగిన శిక్షణ, తగినంత తీరిక లభించుట ప్రభుత్వము చేతిలో ఉన్నది.

తరగతిలో తగవు

సహిత విద్యకు వినవచ్చు ఆక్షేపణ ఒక్కటే. ఒక్క బిడ్డ కొరకు తరగతి అంతయు వెనుకబడునని కొందరి భయము. ఈ భయమును తేలికగా త్రోసివేయరాదు. ఒకే ఉపాధ్యాయుడు రెండు మూడు తరగతులను ఏలుకొను పల్లెబడిలో అది నిజమైన కష్టమే. కాని మాంటిసోరి చరిత్ర చెప్పునది దీనికి విరుద్ధముగా ఉన్నది. నెమ్మదిగా నేర్చు బిడ్డ కొరకు చేసిన కొయ్య అక్షరమే చురుకైన బిడ్డలకు నాలుగైదేండ్లకే వ్రాత నేర్పినది. వెనుకబడినవాని కొరకు వేసిన త్రోవలో అందరును ముందునకు నడచిరి.

తరగతి గదిలో ఇది నిత్యము కనబడుచుండును. వినికిడి తక్కువైన బిడ్డ పెదవులు చూడగలుగుటకై ఉపాధ్యాయుడు నల్లబల్లవైపు గాక పిల్లలవైపు తిరిగి మాటాడినచో, వెనుక వరుసలోని వారందరికిని పాఠము స్పష్టమగును. చూపు మందగించిన బిడ్డ కొరకు అక్షరమును పెద్దదిగా వ్రాసి, వ్రాయుచున్నది పైకి చదివినచో, తక్కినవారికి ఉచ్చారణయు వ్రాతయు ఒకేసారి పట్టుపడును. అక్షరములు తారుమారగు బిడ్డ కొరకు ఇసుకపళ్లెము పెట్టినచో, దానికై తరగతి అంతయు పోటీపడును. చక్రముల కుర్చీకై కట్టిన వాలుదారిపై అన్నము గంపలు మోయు ఆయాకును నడక సులభమగును. వీనిలో దేనికిని పెద్ద ధనము అక్కరలేదు.

అట్లని, బల్లపై చోటిచ్చినంత మాత్రమున సహిత విద్య అగునని భ్రమపడరాదు. సంజ్ఞాభాష ఎరిగినవారు ఒక్కరైనను లేని తరగతిలో వినలేని బిడ్డను కూర్చుండబెట్టుట చేర్చుకొనుట కాదు, ఒంటరిని చేయుట. చూపులేని బిడ్డకు బ్రెయిల్ లిపి నేర్పక, విని నేర్చుకొమ్మనుట అక్షరమును దాచిపెట్టుటయే. భారతీయ భాషలన్నిటికి ఉమ్మడియగు బ్రెయిల్ విధానము 1951లోనే కుదిరినది. తెలుగు వర్ణమాల ఆరు చుక్కలలో అమరి వ్రేలికొన కొరకు వేచియున్నది. ఇట్టి నేర్పులు గల ప్రత్యేక ఉపాధ్యాయులును, ప్రత్యేక పాఠశాలలును సహిత విద్యకు శత్రువులు కారు, అండలు. తెలుగు రాష్ట్రములలోని భవిత కేంద్రములు, అచ్చట పనిచేయు సహిత విద్య ఉపాధ్యాయులు ఆ అండకు ఉదాహరణములు. తరగతి ఉపాధ్యాయుడు వారిని అతిథులుగా గాక సహచరులుగా చూచినప్పుడు బిడ్డకు మేలు కలుగును.

విద్యార్థులకును ఇందు పాలు కలదు. తోటివానిని జాలితో చూచుట సులభము. అతడు మాట పూర్తిచేయువరకు ఓపికతో వినుట, ఆటలో అతనికి ఒక స్థానమును కల్పించుట కొంచెము కష్టము. చిన్ననాడే ఒక బల్లపై కూర్చుండినవారికి ఈ రెండవది చెప్పకయే వచ్చును. వేరు వేరు గదులలో పెరిగినవారికి ఎన్ని ఉపన్యాసములు వినిపించినను అది రాదు.

గరుకు అక్షరముపై వ్రేలు నడపు ప్రతి బిడ్డయు, పేర్లైనను మిగులని ఆ రోమ్ నగరపు పిల్లలకు ఋణపడియున్నాడు. మూడేండ్ల బిడ్డను ఎత్తుకొని వచ్చిన తల్లి, "ఇట్టివానిని చేర్చుకొందురా?" అని గడప యొద్ద సందేహించినప్పుడు, ఆమె ప్రశ్న ముగియకముందే లోపలికి పిలుచుటయే ఆ ఋణము తీర్చు విధము.