దారిలో ఎవరు తగులుతారో పాచిక చెబుతుంది

టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ ఆటంటే నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుని, మాటలతోనే ఒక సాహసయాత్ర నడపడం. ఒక్కొక్కరిది ఒక్కో పాత్ర. వాళ్ళు తిరిగే లోకాన్ని, అందులోని మిగతా ప్రాణులను గేమ్ మాస్టర్ నడిపిస్తారు. ఆ యాత్రలో ముందుగా రాసిపెట్టుకోకుండా, పాచిక వేసి పట్టిక చూసి, దారిలో తారసపడేదెవరో తేల్చే పద్ధతిని రాండమ్ ఎన్‌కౌంటర్ అంటారు.

గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి రూపొందించిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో అమెరికాలో వెలువడింది. ఈ పద్ధతి అందులోనే ఉంది. నేలమాళిగలో పది నిమిషాల కాలం ఒక వంతు. ప్రతి వంతు చివర ఆరు ముఖాల పాచిక వేస్తారు. ఆరు పడితే అక్కడ తిరుగాడే ఏదో ఒక జంతువో రాక్షసుడో ఎదురైనట్టే. దీని వెనక గట్టి లెక్క ఉంది. ఆ ఆటలో పాత్ర బలం పెరిగేది ముఖ్యంగా బయటికి తెచ్చుకున్న నిధి వల్ల. ఇలా తిరిగే రాక్షసుల దగ్గర సాధారణంగా చిల్లిగవ్వ ఉండదు. వాటితో తలపడితే గాయాలు, అయిపోయిన బాణాలు, ఖర్చయిన మంత్రాలే మిగులుతాయి. అందుకని గోడ తట్టి రహస్య ద్వారం వెతకాలన్నా, గాయపడినవాడు కాసేపు నడుం వాల్చాలన్నా ఆటగాళ్ళు ఆలోచించుకోవాల్సి వస్తుంది. ఆటలో కాలానికి విలువ తెచ్చింది ముఖ్యంగా ఈ పాచికే.

ఎదురైన ప్రతిదానితోనూ యుద్ధం చేయాలని లేదు. టామ్ మోల్డ్‌వే సంపాదకత్వంలో 1981లో వచ్చిన అదే ఆట బేసిక్ నియమాల్లో, ఎదుటివాళ్ళ ధోరణి తేల్చడానికి రెండు పాచికలు వేస్తారు. రెండు పడితే వెంటనే మీద పడతారు, పన్నెండు పడితే స్నేహంగా పలకరిస్తారు. అన్నిటికన్నా ఎక్కువగా పడేది ఏడు, అంటే 36 అవకాశాల్లో ఆరు. అప్పుడు ఎదుటివాళ్ళు ఎటూ తేల్చుకోలేక తటపటాయిస్తుంటారు. మాట కలపడానికి, బేరమాడటానికి, బెదిరించడానికి అదే అదను. ఈ పాచికను వదిలేసి ప్రతి ఎదురునూ కొట్లాటగా మార్చడం వల్లే రాండమ్ ఎన్‌కౌంటర్లకు కాలహరణమన్న చెడ్డపేరు వచ్చింది. వైకుంఠపాళిలో పాము నోట పడ్డవాడు కిందికి జారడం తప్ప చేయగలిగిందేమీ లేదు. ఇక్కడ పాచిక సందర్భాన్ని మాత్రమే తెచ్చిపెడుతుంది, ఆపై ఏం చేయాలన్నది ఆటగాళ్ళ ఇష్టం.

పట్టికలో యాత్ర జరిగే ప్రాంతం కనబడాలి. ఇప్పుడు కాలనీలతో, సైనిక స్థలాలతో నిండిన సికిందరాబాద్ యాప్రాల్‌నే, కుతుబ్‌షాహీల కాలాన్ని తలపించే ఊహాలోకంగా తీసుకోవచ్చు. అక్కడి నుంచి కాప్రా చెరువు మీదుగా మౌలాలీ గుట్టకు రాత్రి ప్రయాణం. రెండు పాచికల మొత్తానికి పట్టిక రాయాలి. తరచుగా పడే ఏడుకు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసుకెళ్ళే బంజారాల బిడారు. ఆరుకు నక్కల గుంపు, ఎనిమిదికి కాగడాలతో తిరిగే కావలివాళ్ళు. 36లో ఒక్కసారే పడే రెండుకు రాళ్ళ మధ్య కొరివి దెయ్యం, పన్నెండుకు చిరుత. అరుదైనవి అంచుల్లో ఉంటేనే కనబడ్డప్పుడు గుండె ఝల్లుమంటుంది.

చెరువు కట్ట దగ్గర ఏడు పడిందనుకుందాం. ధోరణికి అయిదు పడింది, అంటే బిడారువాళ్ళు అనుమానంగా చూస్తున్నారు. కుక్కలు మొరుగుతున్నాయి. బిడారు నాయకుడు కర్ర పట్టుకుని ముందుకొచ్చాడు. ఇటు గుంపులో ఒకడి కాలికి గాయం, ఎద్దు మీద ఎక్కించుకుంటే తెల్లారేలోగా గుట్ట చేరతారు. ఏమిచ్చి ఒప్పించాలి? గేమ్ మాస్టర్ పట్టికలో ‘బిడారు’ అని మాత్రమే కాక ‘తప్పిపోయిన ఎద్దును వెతుకుతున్న బిడారు’ అని రాసుకుని ఉంటే, జవాబు అక్కడే దొరుకుతుంది. పట్టికలో పేరుతో పాటు పని కూడా రాయాలనేది అందుకే.

రెండు పాచికలూ ఆరు ముఖాలవే కానక్కర్లేదు. ఎనిమిది ముఖాలది, పన్నెండు ముఖాలది కలిపి వేస్తే రెండు నుంచి ఇరవై దాకా వస్తాయి. తొమ్మిది నుంచి పదమూడు దాకా ఒక్కోదానికీ పన్నెండో వంతు అవకాశం సమానంగా ఉంటుంది. మామూలు ఎదురులు ఎక్కువగా కావాలనుకునేవారికి ఇది బాగా కుదురుతుంది.

ఎన్నిసార్లు వేయాలన్నదీ ముఖ్యమే. డంజన్స్ అండ్ డ్రాగన్స్ నియమ పుస్తకాల్లో ఒకటైన 2014 నాటి డంజన్ మాస్టర్స్ గైడ్ ఇరవై ముఖాల పాచిక వేసి, 18 గానీ అంతకు మించి గానీ పడితే ఎవరో ఎదురైనట్టు లెక్కించమంటుంది. అంటే ఇరవైలో మూడు అవకాశాలు. మరీ తరచుగా వేస్తే యాత్ర ముందుకు కదలదు, అసలే వేయకపోతే కాలానికి విలువ పోతుంది. ఒకసారి తగిలిన బిడారును పట్టిక నుంచి తీసేసి కొత్తదాన్ని చేర్చుకోవాలి, లేదా అదే బిడారు మళ్ళీ ఎదురైతే పాత పరిచయంగా నడపాలి. గుట్టపై అసలు శత్రువు ముందు నిలబడ్డప్పుడు మాత్రం ఈ పాచికను పక్కన పెట్టడమే మంచిది.